వెన్నుకు ఆపరేషన్ సరే.. నొప్పి మాత్రలకు ముగింపేదీ?

వాకాడు: వలలు లాగే మత్స్యకారులు, రొయ్యల గుంతల వద్ద మేత బస్తాలు మోసే కూలీలు, వంగి నాట్లు వేసే మహిళలు... వాకాడు తీరంలో నడుము నొప్పి ఎరుగని కుటుంబం అరుదు. నొప్పి ముదిరినవారు నెల్లూరు, తిరుపతి, చెన్నై ఆసుపత్రుల్లో వెన్నెముక శస్త్రచికిత్స చేయించుకుంటున్నారు. ఆపరేషన్ ఖర్చుపై ఉన్న శ్రద్ధ ఆ తర్వాత వాడే మాత్రలపై ఉండటం లేదు.

ముందు వాడకమే పెద్ద ముప్పు

ఆపరేషన్ అనంతరం తీవ్ర నొప్పికి వైద్యులు ట్రమడాల్, టాపెంటడాల్ వంటి ఓపియాయిడ్ మందులు రాస్తుంటారు. నల్లమందు మాదిరే ఇవి మెదడుపై పనిచేస్తాయి. పారాసెటమాల్, డైక్లోఫెనాక్ ఈ కోవలోకి రావు. కొద్ది రోజులు వాడితే మేలే. నెలల తరబడి సాగితే శరీరం అలవాటు పడి, పాత మోతాదు చాలదు. మూడు నెలలు దాటితే సాధారణంగా దీర్ఘకాలిక వాడకంగా పరిగణిస్తారు.

ఆపరేషన్‌కు ముందే ఈ మందులు వాడుతున్నవారికి ముప్పు అధికమని పలు అధ్యయనాలు తేల్చాయి. కుంగుబాటు, ఆందోళన, పొగాకు, మద్యం, నిద్రమాత్రల వాడకం కూడా ముప్పును పెంచుతాయి. తొలి చీటీలోని రోజుల సంఖ్యా కీలకమే. శస్త్రచికిత్స రోగులకే పరిమితం కాని ఒక విశ్లేషణను అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2017లో ప్రచురించింది. తొలిసారి కనీసం 8 రోజులకు మందు పొందినవారిలో 13.5 శాతం, 31 రోజులు, ఆపైన పొందినవారిలో 29.9 శాతం మంది ఏడాది తర్వాతా వాడుతూనే ఉండే అవకాశముందని అందులో తేలింది.

చట్టం ఉన్నా..

కేంద్రం 2018 ఏప్రిల్‌లో ట్రమడాల్‌ను మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి తెచ్చింది. వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదు. అయితే పాత చీటీతోనే మళ్లీ మాత్రలు తెచ్చుకోవడం, మిగిలినవి బంధువులకు ఇవ్వడం వంటివి చట్టం కంటికి కనిపించవు. రోజు కూలిపై బతికేవారికి విశ్రాంతి భారమే. మాత్ర వేసుకుని పనిలోకి దిగితే నొప్పి అణగుతుంది గానీ వెన్ను మానదు.

అడగాల్సినవి మూడు

శస్త్రచికిత్సకు ముందే ఇంతవరకు వాడిన మాత్రల అట్టలన్నీ వైద్యునికి చూపాలి. ఇంటికి వచ్చే రోజున మూడు విషయాలు అడిగి తెలుసుకోవాలి: వీటిలో ఓపియాయిడ్ ఏది, ఎన్ని రోజులు వాడాలి, ఎలా తగ్గించాలి. చాలాకాలం వాడినవారు ఒక్కసారిగా మానరాదు. వైద్యుని పర్యవేక్షణలో క్రమంగా తగ్గించుకోవాలి. చీటీలోని ఇంగ్లిషు అర్థం కానివారికి ఈ వివరాలు తెలుగులో రాసి ఇవ్వడం ఆసుపత్రులకు పెద్ద పని కాదు. ఊళ్లో ఆశా కార్యకర్త నెలకోసారి పలకరించి మాత్రల లెక్క చూసినా, ముప్పును మొదట్లోనే పసిగట్టవచ్చు.