ఉబ్బసం పిల్లల రాత్రుళ్ళు లెక్కపెట్టే వారేరి?

చలిగాలి తిరిగిందంటే చాలు, విద్యార్థి వసతి గృహాల్లో ఏదో ఒక మూల పిల్లికూతలు మొదలవుతాయి. అందరూ ఆదమరచి నిద్రపోయే వేళ, తెల్లవారుజామున 3 గంటలకు, ఒక కుర్రవాడు లేచి కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళకు ఆనించి, భుజాలెగరేస్తూ ఊపిరి కోసం పెనుగులాడుతుంటాడు. పక్క చాప మీది పిల్లవాడు ఒకసారి కళ్ళు తెరిచి చూసి, ఇది మామూలేనని అటు తిరిగి పడుకుంటాడు. తెల్లవారాక ఆ కుర్రవాడు ముఖం కడుక్కుని అందరితోపాటు ప్రార్థనకు నిలబడతాడు. క్లాసులో కునికితే మేష్టారు సోమరి అంటారు. ఆటల పీరియడులో పక్కన కూర్చుంటే డ్రిల్లు మేష్టారు దొంగవేషాలంటారు. ఇంటికి కబురు పోదు. ఏ రిజిస్టరులోనూ ఆ రాత్రి లెక్కకు రాదు. "మామూలే" అన్న ఆ ఒక్క మాట చాటున ఈ జబ్బు ముదిరిపోతోంది.

ఇది ఏ ఒక్క ఊరి సమస్యో కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచం మొత్తం మీద 26 కోట్ల 20 లక్షల మంది ఉబ్బసంతో బాధపడగా, 4 లక్షల 55 వేల మంది మరణించారు. మన దేశంలో మూడు కోట్లకు పైగా ఉబ్బసం రోగులున్నారని అంచనా. రోగుల సంఖ్యతో పోల్చితే మరణాలలో మన దేశం వాటా చాలా ఎక్కువగా ఉండడం మరింత విచారకరం. మందు లేని జబ్బయితే విధి అని సరిపెట్టుకోవచ్చు. మందుండీ, అది చౌకదై ఉండీ, పిల్లలు ఊపిరాడక తల్లడిల్లడం ఎవరి తప్పు?

ముందుగా జబ్బు సంగతి తెలుసుకోవాలి. ఉబ్బసం అంటురోగం కాదు. కంచం వేరు పెట్టనక్కర లేదు, పక్క దూరంగా వేయనక్కర లేదు. ఊపిరితిత్తుల్లోకి గాలి తీసుకుపోయే గొట్టాల లోపలి పొర వాచి ఉంటుంది. దుమ్ము, పొగ, చలి, జలుబు ఏది తగిలినా ఆ గొట్టాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. దానికి కళ్ళె తోడవుతుంది. సన్నబడిన దారిలో గాలి పోతూ వస్తూ ఈల వేసినట్లు కూస్తుంది. అంటే ఇక్కడ ఇబ్బందులు రెండు. బిగువు అప్పటికప్పుడు వచ్చి పోయేది. వాపు మాత్రం ఆయాసం లేని రోజున కూడా లోపల ఉండేది. ఈ తేడా తెలియకపోవడం వల్లనే సగం అనర్థాలు జరుగుతున్నాయి.

ఎప్పుడో జలుబు చేసినపుడు వచ్చి పోయే ఉబ్బసం వేరు, వదలకుండా పట్టుకుని ఉండే ఉబ్బసం వేరు. 12 ఏళ్ళు నిండిన పిల్లలకు వైద్యులు చాలాకాలంగా వాడుతున్న కొలత ఒకటుంది. వారానికి 2 రోజులకు మించకుండా ఆయాసం, నెలకు 2 రాత్రులకు మించకుండా నిద్రాభంగం ఉంటే అది వచ్చిపోయే రకం. వారానికి 2 రోజులు దాటి, నెలకు 3, 4 రాత్రులు లేచి కూర్చుంటే అది వదలని ఉబ్బసంలో మొదటి మెట్టు, తేలికపాటిది. రోజూ ఆయాసం ఉండి, వారానికి ఒకటికి మించి రాత్రులు నిద్ర చెడితే మధ్యరకం. పగలంతా ఆయాసం, దాదాపు ప్రతి రాత్రీ జాగరణ అయితే తీవ్రమైనది. ఎంత మందు వాడితే జబ్బు అదుపులో ఉంటుందన్న దాన్ని బట్టి కూడా ఇప్పటి వైద్యులు తీవ్రతను నిర్ణయిస్తున్నారు. ఏ కొలతకైనా మొదట కావలసింది రోజుల లెక్క, రాత్రుల లెక్క. మన పిల్లల విషయంలో సరిగ్గా ఆ లెక్కే లేదు.

కారణాన్ని బట్టి కూడా రకాలున్నాయి. ఎక్కువ మంది పిల్లల్లో కనిపించేది పడకపోవడం వల్ల వచ్చేది. పాత పరుపుల్లో, బొంతల్లో ఉండే కంటికి కనబడని పురుగులు, బొద్దింకలు, బూజు, గడ్డిపూల పుప్పొడి, వయ్యారిభామ మొక్క ఇందుకు కారణం కావచ్చు. ఈ పిల్లలకు తరచు తుమ్ములు, ముక్కు కారడం కూడా ఉంటాయి. కొందరికి పరుగెత్తినప్పుడే ఆయాసం వస్తుంది. కొందరికి కూత ఉండదు, రాత్రంతా పొడిదగ్గే ఉంటుంది. ఇటువంటి వారికి నెలల తరబడి దగ్గు మందు సీసాలు తాగించడం మనం చూస్తున్నదే. ఒళ్ళు బాగా వచ్చిన పిల్లల్లో జబ్బు లొంగడం కష్టమవుతుంది. మిరపకాయల కళ్ళాల్లో, పత్తి మిల్లుల్లో, ఇటుక బట్టీల దగ్గర, కంకర మిల్లుల వద్ద సెలవుల్లో కూలికి పోయే పిల్లలకు ఆ దుమ్మూ ఆ పొగా ఉన్న జబ్బును రెట్టింపు చేస్తాయి.

"ఈడొస్తే అదే పోతుంది" అని పెద్దలంటారు. ఈ మాటలో సగం నిజముంది. చిన్నతనంలో ఉబ్బసం మగపిల్లల్లో ఎక్కువ. వారిలో చాలామందికి పదమూడు, పద్నాలుగేళ్ళు వచ్చేసరికి తగ్గుముఖం పడుతుంది. తగ్గిన వారిలో కొందరికి పెద్దయ్యాక మళ్ళీ తిరగబెడుతుంది. ఆడపిల్లల సంగతి ఇందుకు భిన్నం. పెద్దమనిషి అయిన తర్వాత వారిలో ఉబ్బసం పెరుగుతుంది. కొందరికి నెలసరి రోజుల ముందు ఆయాసం ఎక్కువవుతుంది. "ఈడొస్తే పోతుంది" అని ఎదురుచూసిన ఇంట్లోనే ఈడొచ్చిన పిల్ల ఆయాసపడుతుంది. పైగా సంబంధాలు రావన్న భయంతో తల్లిదండ్రులు జబ్బును దాచిపెడతారు. పొయ్యి దగ్గర పొగలో కూర్చునేదీ, ఇల్లు ఊడ్చి దుమ్ము మింగేదీ కూడా ఆ పిల్లే కావడం శోచనీయం.

ఈ వయసుకు మరొక చిక్కు ఉంది. పదేళ్ళ వరకూ మందు వేళ తల్లి చూస్తుంది. పదిహేనేళ్ళ వాడికి తల్లి చెబితే చిన్నతనం. తోటివారి ముందు పంపు నోట్లో పెట్టుకుంటే ఎగతాళి చేస్తారని దాచుకుంటాడు. నాలుగు రోజులు బాగుంటే మందు మానేస్తాడు. స్నేహితులతో కలిసి బీడీ, సిగరెట్టు మొదలుపెట్టేదీ ఈ వయసులోనే. విద్యాసంస్థలకు 100 గజాల లోపు పొగాకు వస్తువులు అమ్మరాదనీ, 18 ఏళ్ళ లోపు వారికి అసలు అమ్మరాదనీ 2003 నాటి చట్టం చెబుతోంది. హైస్కూలు గేటు ఎదుటి బడ్డీకొట్టులో ఆ చట్టం ఎంతవరకు అమలవుతున్నదో అధికారులు ఒకసారి నడిచి వెళ్ళి చూస్తే బాగుంటుంది.

ఇక వైద్యం సంగతి. పల్లెల్లో ఆయాసం వస్తే ముందు గుర్తొచ్చేది సూది. సూది వేయగానే బిగువు వదులుతుంది, ఇంటిల్లిపాదీ ఊరట చెందుతారు. వాపు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. పది రోజులకు మళ్ళీ సూది. ఈ సూదుల్లో, పొట్లం కట్టి ఇచ్చే మాత్రల్లో స్టెరాయిడ్ ఉన్న సంగతి రోగికి తెలియదు. ప్రాణం మీదికి వచ్చినపుడు వైద్యుని సలహాపై కొద్ది రోజులు ఆ మాత్రలు వాడక తప్పదు. కాని నెలల తరబడి మింగిస్తే ముఖం ఉబ్బుతుంది, ఎముకలు గుల్లబారతాయి, ఎదుగుదల ఆగుతుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లవుతుంది.

పంపు అంటే మాత్రం మనవారికి భయం. "ఒకసారి అలవాటైతే జన్మంతా వదలదు" అంటారు. ఇది ఒట్టి అపోహ. పంపు వ్యసనం కాదు. వాపు తగ్గించే పంపులోనూ స్టెరాయిడే ఉంటుంది. అయితే మోతాదు ఎంత? 5 మిల్లీగ్రాముల మాత్ర అంటే 5,000 మైక్రోగ్రాములు. పంపుతో ఒకసారి పీల్చేది 100 లేక 200 మైక్రోగ్రాములు. అదీ ఒళ్ళంతా తిరగకుండా నేరుగా ఊపిరి గొట్టాల్లోకి పోతుంది. చిన్నప్పటినుంచి ఏళ్ళ తరబడి వాడిన పిల్లల ఎత్తు సుమారు ఒక సెంటీమీటరు తగ్గవచ్చునని పరిశీలనలో తేలింది. ఊపిరాడని బతుకుతో పోల్చితే ఆ సెంటీమీటరు ఏపాటిది? పీల్చిన తర్వాత నోరు పుక్కిలిస్తే నాలుక పూత, గొంతు బొంగురు కూడా చాలావరకు రావు.

పంపుల్లో రెండు రకాలున్నాయని ప్రతి తల్లీ తెలుసుకోవాలి. నీలం రంగు పంపులో సాధారణంగా ఉండే సాల్బుటమాల్ బిగువును వెంటనే వదిలిస్తుంది, అంతే. రోజూ వాడవలసినది వాపు తగ్గించే రెండవ పంపు. వెంటనే హాయినిచ్చేది నీలం పంపు గనుక పిల్లలు దాన్నే పట్టుకుని, రెండవదాన్ని మూలన పడేస్తున్నారు. ఇది ప్రమాదకరం. అందుకే ఉబ్బసంపై ప్రపంచవ్యాప్తంగా వైద్యులకు మార్గదర్శనం చేసే సంస్థ జీనా 2019లో ఒక ముఖ్యమైన మార్పు చేసింది. 12 ఏళ్ళు దాటిన వారికి, జబ్బు తేలికపాటిదైనా సరే, నీలం పంపు ఒక్కదానితోనే వైద్యం చేయవద్దనీ, వాపు తగ్గించే మందు కూడా ఉండి తీరాలనీ చెప్పింది. తేలిక ఉబ్బసం ఉన్నవారికీ ప్రాణాపాయం రావచ్చునన్నది ఇందులోని హెచ్చరిక.

మృగశిర కార్తె వచ్చిందంటే హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి చేప మందు కోసం వేలాది జనం బారులు తీరడం తెలిసిందే. కొర్రమీను పిల్ల నోట్లో మందు ముద్ద పెట్టి మింగిస్తారు. 1845 నుంచి ఉచితంగా ఇస్తున్నామని ఆ కుటుంబం వారు చెబుతారు. దానితో ఉబ్బసం నయమవుతుందనడానికి శాస్త్రీయమైన రుజువు లేదు. నమ్మకంతో వెళ్ళేవారిని ఎవరూ తప్పు పట్టనక్కరలేదు. అంత దూరం రైలెక్కి, పిల్లవాణ్ణి భుజాన వేసుకుని, రాత్రంతా బారులో నిలబడే తండ్రి ప్రేమను శంకించేవారెవరు? కాని తిరిగి వచ్చాక పంపు మాన్పించవద్దు. ఆ ఒక్క పొరపాటుకు బలయ్యేది పిల్లవాడు.

ఇంట్లో చేయగలిగినవీ ఉన్నాయి. పొగలేని వంట కోసం ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం, 2016లో కేంద్రం ఉజ్వల పథకం వచ్చాయి. అయినా సిలిండరు ఒక మూల, వేన్నీళ్ళకు కట్టెల పొయ్యి మరొక మూల ఉన్న ఇళ్ళెన్నో. ఉబ్బసం ఉన్న పిల్ల పడుకునే గదిలోకి పొయ్యి పొగ, దోమల చక్రం పొగ, తండ్రి చుట్ట పొగ పోకుండా చూడడానికి డబ్బు ఖర్చు లేదు. దుప్పట్లు వారానికొకసారి మరిగే నీటిలో ఉతికి ఎండలో వేయడానికీ లేదు.

ఇక ప్రభుత్వ బాధ్యత. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం 18 ఏళ్ళ లోపు పిల్లలను పరీక్షించవలసిన జబ్బుల జాబితాలో ఊపిరి గొట్టాల జబ్బు కూడా ఉంది. జాబితాలో పేరుంటే చాలదు. ఉబ్బసం ముఖ్యంగా రాత్రి జబ్బు. వైద్య బృందం పగలు 11 గంటలకు వచ్చి స్టెతస్కోపు పెడితే ఊపిరి శుభ్రంగా వినబడవచ్చు, "ఆరోగ్యవంతుడు" అని కార్డు మీద రాసి వెళ్ళవచ్చు. కనుక వారు వినవలసింది గుండె చప్పుడొక్కటే కాదు, రాత్రి నీకు నిద్ర పట్టిందా అన్న ప్రశ్నకు పిల్లవాడిచ్చే జవాబు.

ఇందుకు కోట్ల రూపాయల నిధులు అవసరం లేదు. ప్రతి వసతి గృహంలో ఒక నోటు పుస్తకం పెట్టి, ఆయాసంతో ఏ పిల్ల ఏ రాత్రి లేచి కూర్చున్నదీ వార్డెన్ రాయించాలి. నెలకు 2 రాత్రులు దాటితే ఆ పుస్తకంతో సహా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాలి. సాల్బుటమాల్, బ్యూడెసనైడ్ రెండూ 2022 నాటి జాతీయ అత్యావశ్యక ఔషధాల జాబితాలో ఉన్నాయి. రెండు పంపులూ ఆరోగ్య కేంద్రంలో ఏడాది పొడవునా దొరకాలి, సరిగా పీల్చడం నర్సు చేసి చూపించాలి. పిల్లల జేబులోని పంపును క్లాసులోగాని పరీక్ష హాలులోగాని లాక్కోరాదు. ఆయాసపడే పిల్లను ఆటలకు శాశ్వతంగా దూరం చేయరాదు. జబ్బు అదుపులో ఉంటే పరుగెత్తడం మంచిదే.

మాట పూర్తిగా పలకలేకపోవడం, పెదవులు నీలిబారడం, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజడం, నీలం పంపు పీల్చినా తగ్గకపోవడం ప్రమాద సూచనలు. అప్పుడు పిల్లను పడుకోబెట్టక నిటారుగా కూర్చోబెట్టి, స్పేసర్ గొట్టం ద్వారా నీలం మందు ఒక్కొక్క మోతాదుగా ఇస్తూ వెంటనే 108కి ఫోన్ చేయాలి. కూత ఆగిపోయింది గదా అని సంతోషించరాదు. గాలి బొత్తిగా ఆడనపుడూ కూత వినబడదు. ఈ నాలుగు మాటలు వసతి గృహం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించడానికి ఒక డబ్బా రంగు చాలు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు అలవాటైపోయింది. ఒక పిల్లవాడి ప్రాణం పోయాక విచారణ జరిపి, వార్డెన్‌ను సస్పెండు చేసి, ఫైలు మూసేస్తే పోయిన ఊపిరి తిరిగి రాదు. జిల్లా వైద్యాధికారులు, విద్యాశాఖాధికారులు, సంక్షేమ శాఖ వారు కూర్చుని మాట్లాడుకుంటే ఒక్క పూటలో తేలే పని ఇది. ఈ చలికాలం ముగియక ముందే ఆ నోటు పుస్తకం ప్రతి వసతి గృహానికీ చేరాలి.