గోల్ కొట్టని మొనగాడు

దాదాపు ఐదొందల మ్యాచ్‌లు ఆడాడు. కొట్టిన గోల్స్ మాత్రం... సున్నా! అయినా అభిమానులు ఆయన్ని 'పీర్‌లెస్' అన్నారు. అంటే సాటిలేనివాడని.

పేరు జెస్సీ పెన్నింగ్టన్. 1883లో ఇంగ్లాండ్‌లోని వెస్ట్ బ్రామిచ్‌లో పుట్టాడు. సొంతూరి జట్టు ఆల్బియన్‌కి 1903 నుంచి 1922 దాకా లెఫ్ట్ బ్యాక్‌గా ఆడాడు. గోల్స్ కొట్టడం కాదు, పడకుండా ఆపడం ఆయన పని.

1912 ఎఫ్ఏ కప్ ఫైనల్. బార్న్స్‌లీతో తొలి మ్యాచ్ డ్రా అయింది. మళ్లీ ఆడిస్తే అదనపు సమయం కూడా అయిపోవచ్చింది. అప్పుడు బార్న్స్‌లీ ఆటగాడు టఫ్నెల్ బంతితో దూసుకొచ్చాడు. కాలు అడ్డంపెట్టి పడేస్తే గండం గట్టెక్కేదే. పెన్నింగ్టన్ ఆ పని చేయలేదు. టఫ్నెల్ గోల్ కొట్టేశాడు. తప్పు చేయనందుకు కప్పు పోయింది!

అసలు పరీక్ష ఆ మరుసటి ఏడాది ఎదురైంది. 1913 నవంబరులో ఎవర్టన్‌తో మ్యాచ్‌కి ముందు ఓ వ్యక్తి ఆయన్ని కలిశాడు. ఆల్బియన్ ఓడినా, డ్రా చేసుకున్నా ఒక్కో ఆటగాడికి 5 పౌండ్లు ఇస్తానన్నాడు. ఇప్పుడు చిన్న మొత్తంలా కనిపిస్తుంది కానీ, అప్పట్లో ఆటగాళ్ల జీతానికి పరిమితి ఉండేది. ఎంత గొప్పవాడికైనా వారానికి 4, 5 పౌండ్లు మించి ఇవ్వకూడదు. అంటే ఒక్క మ్యాచ్‌కి వారం జీతం!

పెన్నింగ్టన్ నేరుగా వెళ్లి క్లబ్బు వాళ్లకు చెప్పేశాడు. పోలీసులకూ కబురందింది. ఆల్బియన్ నిజాయతీగానే ఆడింది. విచిత్రంగా ఆట 1-1తో డ్రా! తన బేరం ఫలించిందనుకున్న ఆ పెద్దమనిషి డబ్బు ఇవ్వడానికొచ్చి దొరికిపోయాడు. పేరు పాస్కో బయోలెట్టి. ఐదు నెలల జైలుశిక్ష పడింది.

తర్వాత మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. 1915 నుంచి నాలుగేళ్లు లీగ్ పోటీలు ఆగిపోయాయి. మళ్లీ మొదలయ్యేసరికి పెన్నింగ్టన్‌కి ముప్ఫయ్యారేళ్లు. ఆ వయసులోనే కెప్టెన్‌గా 1919-20లో ఆల్బియన్‌కి లీగ్ టైటిల్ సాధించిపెట్టాడు. అగ్రశ్రేణిలో ఆ క్లబ్బుకి ఇప్పటికీ అదొక్కటే టైటిల్. అదే ఏడాది దేశం తరఫున 25వ, చివరి మ్యాచ్ ఆడాడు. స్కాట్లాండ్‌పై ఇంగ్లాండ్ 5-4తో గెలిచింది.

1970లో, ఎనభై ఏడేళ్ల వయసులో కన్నుమూశాడు పెన్నింగ్టన్. మ్యాచ్ ఫిక్సింగ్ మాట వినిపించినప్పుడల్లా ఆయన్నొకసారి తలచుకోవాలి. ప్రలోభాన్ని గోల్‌పోస్టు దాకా రానివ్వని అసలైన డిఫెండర్ కదా మరి!