మంచుకొండ ఎక్కేముందే తిరుగువేళ నిర్ణయించుకోవాలి

చైత్రమాసం వచ్చేసరికి మన ఊళ్ళలో మామిడి పిందెలు కడుతుంటాయి. మిట్టమధ్యాహ్నం బయట తిరగవద్దని పెద్దలు పిల్లలను మందలిస్తుంటారు. అదే సమయానికి ఉత్తరాఖండ్‌లోని చోప్తా చుట్టూ బురాంశ్ చెట్లు ఎర్రగా పూస్తాయి. ఆ పూల వనాలకు పైన, తుంగనాథ్ దారిలో మాత్రం శీతకాలపు మంచు ఇంకా కరగదు. పూలూ మంచూ ఒకే చూపులో కనిపించే ఆ కొద్ది వారాల కోసం మన ప్రాంతాల నుండి మిత్రబృందాలు బయలుదేరుతుంటాయి. ఉదయం చోప్తాలో నడక మొదలుపెట్టి, తుంగనాథ్ ఆలయం మీదుగా చంద్రశిల శిఖరం చేరి, సాయంత్రానికి దిగివచ్చే ఒక్కరోజు ప్రయాణం అది. ఏటా నాకు తెలిసినవారిలో ఇద్దరు ముగ్గురైనా సలహా కోసం వస్తారు. ఏ మందులు పట్టుకెళ్ళాలని అడుగుతారు. ఏ వేళకు వెనుదిరగాలని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. ముందుగా అడగవలసిన ప్రశ్న అదేనని నా అభిప్రాయం.

"తిరుమల మెట్లు ఎక్కినవాళ్ళం, ఇదెంత?" అనే మాట తరచు వింటుంటాను. పైకి చూస్తే పోలిక సబబుగానే ఉంటుంది. అలిపిరి నుండి తిరుమలకు ఎక్కే ఎత్తుకూ, చోప్తా నుండి తుంగనాథ్‌కు ఎక్కే ఎత్తుకూ పెద్ద తేడా లేదు. తుంగనాథ్‌కు నడిచే దూరం ఇంకా తక్కువే, మూడున్నర నాలుగు కిలోమీటర్లు. అయితే తిరుమల నడక ముగిసేది వెయ్యి మీటర్ల లోపు ఎత్తులో. ఈ నడక మొదలయ్యేదే రెండున్నర వేల మీటర్లు దాటిన తరువాత. అక్కడ దారి పొడవునా పైకప్పు, మంచినీళ్ళు, తోటి భక్తులు, పిలిస్తే పలికే సిబ్బంది ఉంటారు. ఇక్కడ మార్చి నెలలో గుడి తలుపులు కూడా మూసే ఉంటాయి. శీతకాలంలో ఉత్సవమూర్తిని కింద మక్కూమఠ్‌లో ఉంచి పూజిస్తారు. వేసవి మొదట్లో గుడి తెరిచేవరకు పైన ఆదుకునే మనిషి ఉంటాడన్న నమ్మకం లేదు. ఆసుపత్రి కావాలంటే మెలికల రోడ్డు మీద ఊఖీమఠ్‌కో గోపేశ్వర్‌కో వెళ్ళాలి. వీటన్నిటికంటే పెద్ద తేడా మరొకటి ఉంది. తిరుమల మెట్లెక్కినవారిలో చాలామంది బస్సులో దిగుతారు. ఇక్కడ ఎక్కిన మోకాళ్ళతోనే దిగాలి. కొండ దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూ బరువును ఆపవలసి వస్తుంది. ఎక్కే శ్రమకన్నా ఈ శ్రమే కండరాన్ని ఎక్కువగా గాయపరుస్తుంది. శిఖరం చేరేసరికి సత్తువ అంతా ఖర్చు చేసినవారు పడేది దిగేటప్పుడే.

ఇక ఎత్తు సంగతి. ఉదయం హైదరాబాదులో విమానమెక్కి, డెహ్రాడూన్‌లో దిగి, రాత్రికి టాక్సీలో చోప్తా చేరి, మరునాడు తెల్లవారుజామునే నడక మొదలుపెట్టే ప్రణాళికలు నాకు చూపిస్తుంటారు. ముప్పయి గంటలు గడవకముందే వారు మూడున్నర వేల మీటర్ల ప్రాంతంలో ఉంటారు. అక్కడ గాలిలో ప్రాణవాయువు పాళ్ళు తగ్గవు కాని, గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులకు పడిపోతుంది. అందువల్ల ఒక్కో శ్వాసలో అందే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గుతుంది. ఊరిలో అవలీలగా చేసే శ్రమ అక్కడ గుండెను దాని పరిమితికి దగ్గరగా తీసుకువెళుతుంది. పర్వతవ్యాధి లక్షణాలైన తలనొప్పి, వికారం, నీరసం సాధారణంగా ఆరు గంటల తరువాత గాని బయటపడవు. ఆ రాత్రికే కిందికి వచ్చి పడుకునేవారికి దానివలన ప్రాణాపాయం అరుదు. ఒక్కరోజు నడకలో నేను ఎక్కువగా భయపడేది గుండె గురించి. ఆల్ప్స్ పర్వతాలలో కొండనడకలో సంభవించిన ఆకస్మిక మరణాలను ఆస్ట్రియా వైద్యులు చాలాకాలం పరిశీలించారు. నడివయస్సు దాటిన పురుషులకు, పూర్వం గుండెపోటు వచ్చినవారికి, మధుమేహం ఉన్నవారికి, వ్యాయామం అలవాటు లేనివారికి ముప్పు ఎక్కువని, అది కొండకు చేరిన మొదటి రోజున మరింత ఎక్కువని వారు గమనించారు. కనుక చోప్తాలోనో, ఇంకాస్త దిగువనో అదనంగా ఒక రాత్రి గడపమని అడిగినవారందరికీ చెబుతుంటాను. సెలవు లేదంటారు. నెలకొకసారైనా ఏదో ఒక వేడుకకు సెలవు దొరికే దేశంలో దీనికి ఒక్కరోజు దొరకదా!

వసంతకాలపు మంచుకు పగటివేళను బట్టి స్వభావం మారుతుంది. రాత్రి చలికి గడ్డకట్టి, పొద్దున అద్దంలా జారుతుంది. అప్పుడు బూటుకు తగిలించుకునే ఇనుప ముళ్ళ గొలుసులు లేకుండా అడుగు వేయరాదు. పది, పదకొండు గంటల ఎండకు పైపొర మెత్తబడుతుంది. మధ్యాహ్నానికి అదే మంచు అడుగడుగునా కూలి, కాలు మోకాలి దాకా దిగబడుతుంది. దిగబడిన కాలు లాగుకొని మళ్ళీ దిగబడడంలో మనిషి రెట్టింపు అలసిపోతాడు. ఏటవాలులో ఎండకు తడిసిన మంచు పలకలుగా జారిపోవచ్చు కూడా. పైగా హిమాలయాలలో ఉదయం ఎంత తేటగా ఉన్నా మధ్యాహ్నం తరువాత మబ్బు పట్టడం పరిపాటి.

స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఒక లెక్క చెప్పాడు. సుమారు ఐదు కిలోమీటర్ల దూరానికి ఒక గంట, ఎక్కే ప్రతి ఆరువందల మీటర్ల ఎత్తుకు మరొక గంట. ఆ ప్రకారం తుంగనాథ్‌కు రెండు గంటల పైచిలుకు చాలు. కాని అది అలవాటున్న మనిషికి, మంచు లేని దారిలో, మామూలు గాలిలో వర్తించే లెక్క. కార్యాలయంలో కూర్చుని పనిచేసే మనవారికి మంచులో ఇంతకు రెట్టింపు పట్టినా ఆశ్చర్యం లేదు. ఆపైన చంద్రశిల ఉంది, ఆపైన దిగడం ఉంది. ఉదయం ఆరింటికి బయలుదేరితే, ఎక్కడ ఉన్నాసరే పన్నెండింటికి వెనుదిరగాలన్న నియమం ఈ లెక్క నుండి పుట్టినదే. శిఖరం కనుచూపుమేరలో ఉన్నా సరే.

మైదానంలో వసంతం అంటే వెచ్చదనం గనుక, చలి ప్రమాదం మనవారి ఊహకు అందదు. శరీర ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే దానిని అల్పోష్ణస్థితి అంటాం. గాలి ఉష్ణోగ్రత సున్నాకు పైన ఉన్నప్పుడు కూడా అది రావచ్చు, బట్టలు తడిసి గాలి వీస్తే చాలు. నీరు శరీరపు వేడిని గాలికంటే సుమారు ఇరవై అయిదు రెట్లు వేగంగా లాగేస్తుంది. ఎక్కేటప్పుడు చెమటతో తడిసిన నూలు బనియను, మంచుతో తడిసిన జీన్స్ ప్యాంటు, శిఖరం మీద ఫొటోల కోసం అరగంట నిలబడడం, ఇంతకంటే మరేమీ అక్కరలేదు. మొదట వణుకు వస్తుంది. తరువాత వేళ్ళు పట్టు తప్పుతాయి, మాట ముద్దగా వస్తుంది, నడక తూలుతుంది, విసుగు పెరుగుతుంది. వేడెక్కకుండానే వణుకు ఆగిపోతే మెరుగైనట్లు కాదు, అది మరింత అపాయకరమైన దశ. మద్యం తాగితే వెచ్చబడినట్లు అనిపించడానికి కారణం చర్మంలోని రక్తనాళాలు విప్పారడం. నిజానికి లోపలి వేడి అప్పుడే వేగంగా బయటకు పోతుంది.

మందుల గురించి కూడా నాలుగు మాటలు. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు. దానిని వీపు సంచిలో కాక చొక్కా లోపలి జేబులో ఉంచుకోవాలి. చలికి గ్లూకోమీటరు కూడా మొరాయిస్తుంది గనుక అదీ అక్కడే ఉండాలి. ఇన్సులిన్, సల్ఫొనైల్‌యూరియా మందులు వాడేవారికి ఆరేడు గంటల నడకలో చక్కెర పడిపోవచ్చు. మోతాదు విషయం ముందుగానే వైద్యునితో మాట్లాడుకోవాలి. అసిటజోలమైడ్ పర్వతవ్యాధిని కొంత నివారిస్తుందే తప్ప అలసటను, చలిని, జారిపడడాన్ని ఆపలేదు. సల్ఫా మందులు పడనివారు దానిని తమంతట తాము వేసుకోరాదు. అతినీలలోహిత కిరణాల నుండి కాపాడే కళ్ళద్దాలు తప్పనిసరి. కొత్త మంచు ఆ కిరణాలను 80 శాతం దాకా తిప్పికొడుతుంది. కంటికి కలిగిన హాని ఆ సాయంత్రమో రాత్రో ఇసుక పోసినట్లు మంటగా తెలుస్తుంది.

అయితే ఇవన్నీ తెలిసిన బృందాలు కూడా చిక్కులో పడతాయి. దానికి కారణం స్నేహమే అంటే కొందరికి నొచ్చుకోవచ్చు.

నాలుగేళ్ళ క్రితం మార్చి నెలాఖరులో, కలిసి చదువుకున్న ఐదుగురం ఈ దారిలోనే వెళ్ళాం. అందరం అరవై దాటినవాళ్ళమే. గుడి దగ్గర పడుతుండగా ఒక మిత్రుడు వెనుకబడ్డాడు. ఎలా ఉందని అడిగిన ప్రతిసారీ "బాగానే ఉన్నాను, పదండి" అన్నాడు. నేను అతని మాట వినడం మాని చేతులు చూశాను. చేతి తొడుగులు తడిసి ఉన్నాయి, నీళ్ళ సీసా మూత తిప్పలేకపోతున్నాడు. కూర్చోబెట్టి, పొడి తొడుగులు వేసి, బెల్లం వేసిన వేడి టీ తాగించి, "తలనొప్పి ఎప్పటి నుండిరా?" అని అడిగాను. "రెండు గంటలైంది. మీ అందరి ప్రయాణం చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాను" అన్నాడు. మేము ఐదుగురమూ అక్కడి నుండే వెనక్కు వచ్చాం. చంద్రశిల ఎదురుగా కనిపిస్తూనే ఉంది.

వైద్యునిగా ఆ మాట నాకు కొత్త కాదు. భోజనాలు చెడకూడదని ఛాతీనొప్పి దాచుకున్న పెళ్ళికూతురి తండ్రులను ఎందరినో చూశాను. కాకపోతే కొండ మీద ఆ మొహమాటానికి గడువు తక్కువ. అపరిచితుల గుంపులో మనిషి "నా వల్ల కాదు" అని తేలికగా చెబుతాడు. ప్రాణస్నేహితుల మధ్య చెప్పలేడు. పైగా ముందు నడిచేవాడికి వెనుకవాడి మొహం కనపడదు. అందుకే తిరుగువేళను కొండ మీద కాక, ముందు రాత్రి భోజనాల వద్ద, ఎవరి మొహంలోనూ అలసట లేనప్పుడే నిర్ణయించాలంటాను. అప్పుడే ఎవరికి ఏ జబ్బు ఉందో, ఏ మందు వాడుతున్నారో దాపరికం లేకుండా చెప్పుకోవాలి. అందరికంటే నెమ్మదిగా నడిచేవారిని ముందు నడిపించాలి. ఒక్కరు "చాలు" అన్నా కారణం అడగకూడదు.

ఇన్ని షరతులు పెడితే సరదా ఏముందని ఒక యువకుడు నన్ను అడిగాడు. నేను నడకకు వ్యతిరేకిని కాను. మూడు నెలల ముందు నుండి వారానికి నాలుగు రోజులు మెట్లెక్కి దిగి, సిద్ధపడి వెళ్ళేవారిని చూస్తే నాకు సంతోషమే. యాత్రలు నడిపే సంస్థలు ఈ దారిని ఏడాది పొడవునా ఒకే మాటతో "సులువు" అని ప్రకటించడమే నాకు నచ్చదు. అక్టోబరులో సులువైన రాతి బాట మార్చిలో మంచు కింద ఎక్కడుందో కూడా తెలియదు. డబ్బు కట్టేముందు వారిని అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ఎన్ని గంటలకు వెనుదిరుగుతారు? ఒక్కరు ఆగిపోతే వారితో కిందికి ఎవరు వస్తారు? మిగిలినవారి వెంట అప్పుడు ఎవరుంటారు? "గుడి దగ్గర కూర్చోండి, దిగేటప్పుడు తీసుకువెళతాం" అన్న జవాబు వస్తే ఆ సంస్థతో వెళ్ళవద్దు. అలసిన మనిషి మంచులో రెండు గంటలు కదలకుండా కూర్చుంటే చలికి గురయ్యేది అప్పుడే.