కల్లం కుక్క నోరు కట్టొద్దు

మిర్చి కోతలు మొదలైతే పెదకాకాని చుట్టుపక్కల కల్లాల్లో రాత్రిళ్లు మనకు తోడు కుక్కే. కాయ పట్టాల మీద రోజుల తరబడి ఆరుతుంది. మనిషి ఎన్ని రాత్రులని మేలుకుంటాడు? కునుకు పట్టిన వేళ దాని అరుపే మనల్ని లేపుతుంది.

ఇప్పుడు మొరుగుడు ఆపే బెల్టులు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. మెడకు కడితే, కుక్క అరిచినప్పుడల్లా గొంతు అదురు పసిగట్టి షాకు కొడతాయి. ఊరిని ఆనుకున్న కల్లాలతో పక్కిళ్ల వాళ్లకు నిద్ర ఉండదన్న మాట మేమూ కాదనం. పరీక్షలకు చదివే పిల్లలుంటారు, తెల్లారకముందే కూలికి వెళ్లేవాళ్లుంటారు. కానీ దొంగను చూసి అరిచిందో, పిల్లిని చూసి అరిచిందో ఆ బెల్టుకు తెలియదు. రెంటికీ ఒకటే దెబ్బ. రేపు టిక్కీలు ఎత్తుకుపోతుంటే కుక్క నోరు తెరవకపోతే తప్పు దానిదా?

వేల్స్‌లో 2010లోనే షాకు బెల్టులను నిషేధించారు. మన 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం జంతువును అనవసరంగా బాధపెట్టడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకపోవడం కూడా నేరమే. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలే లెండి, ఎవరు భయపడతారు!

పగలంతా పొట్టి గొలుసుతో ఎండలో కట్టేస్తే ఏ కుక్కయినా అరుస్తుంది. పూటకోసారి చేలగట్ల మీద తిప్పండి. నీళ్లు, నీడ చూడండి. రాత్రి రాశి పక్కనే కట్టి, రోడ్డు వైపు పరదా వేస్తే పోయే ప్రతి బండికీ అరవదు. అప్పటికీ ఆగకపోతే పశువుల డాక్టరుకు చూపించండి. బెల్టు ఇప్పటికే కట్టినవాళ్లు ముందు దాన్ని తీసి మెడ కింద చూడండి, మొనలు ఆనుకున్న చోట పుండు పడి ఉండొచ్చు.