ఆడితే నేరమా?

పాతబస్తీలో పెళ్లింటి ముందు ఢోలక్ మోగుతుంది. హిజ్రాలు చప్పట్లు కొట్టి పాట ఎత్తుకుంటారు, ఆడతారు, పిల్లాజెల్లను దీవిస్తారు. అదే వాళ్ల కూడు, అదే వాళ్ల పండుగ. ఆ ఆటను నేరమన్న చట్టం ఒకటి ఈ నగరంలో నూరేళ్లకు పైగా ఉండిందని మనలో ఎందరికి తెలుసు?

1919లో, అంటే ఫసలీ 1329లో, నిజాం సర్కారు దాన్ని తెచ్చింది. అనుమానం ఉన్న హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలన్నది. పేరెక్కిన మనిషి బజారులో చీర కట్టినా, నగ పెట్టినా, ఆడినా, పాడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైలు. నిజాం పోయాడు, తెలంగాణ వచ్చింది, చట్టం మాత్రం కదల్లేదు.

ఈ బుద్ధి నిజాం ఒక్కడిదే కాదు. 1871లో తెల్లదొరలు చేసిన నేరస్థ తెగల చట్టంలో ఒక భాగం తెగల మీద, ఇంకో భాగం హిజ్రాల మీద. ఆ చట్టం పేరుతోనే తరవాత మద్రాసు ఇలాకాలో ఎరుకలోళ్లకు దొంగలన్న ముద్ర వేశారు. పుట్టుకే నేరమన్న మాట మనకు కొత్తా? పెళ్లికి మన డప్పు కావాలి, మనం మాత్రం ఊరి బయట. హిజ్రా దీవెన కావాలి, హిజ్రాకు అద్దె ఇల్లు మాత్రం దొరకదు.

అమెరికా నల్లవాళ్లలోనూ ఇదే గోస. తెల్లవాళ్ల పోటీల్లో న్యాయం దక్కక, 1970లలో న్యూయార్కు హార్లెంలో మన హిజ్రాల్లాంటి వాళ్లే సొంత ‘ఇళ్లు’ పెట్టుకున్నారు. ఇంటికొక ‘అమ్మ’. మన దగ్గర గురువు, చేలా ఉన్నట్టే. కన్నవాళ్లు గెంటేసిన పిల్లలు ఆ అమ్మ నీడన చేరి, రాత్రంతా హాళ్లలో రాణుల్లా నడిచారు, ఆడారు. పగలు దక్కని మర్యాద రాత్రి తామే ఇచ్చుకున్నారు. దాన్ని ఉత్త కులుకు అనేవాడికి ఆకలి తెలియదు, అవమానమూ తెలియదు.

ఇక్కడా పోరాడారు. 2018లో వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు హైకోర్టుకెక్కారు. 2023 జూలై 6న తెలంగాణ హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. ఆసరా పింఛను ఇవ్వాలని కూడా చెప్పింది.

కోర్టు కాగితం మీది రాతను కొట్టేసింది. మన నోటి తిట్టును ఎవరు కొట్టేయాలి? మన వాడలో పుట్టిన పిల్లల్నే మనం తరుముతున్నాం. కార్యకర్తలారా, ఆ పింఛను మీ మండలంలో ఎంతమందికి అందిందో అడగండి. వచ్చే సభకు వాళ్లను పిలవండి, ఆడించి పంపడానికి కాదు, వేదిక మీద కూర్చోబెట్టి మాట వినడానికి. తరవాత మన డప్పు పక్కన వాళ్ల ఢోలక్ మోగనియ్యండి.