"రెండు ట్యాంకులే కదా" అనేవారికి జవాబ్

"డిపో ఎప్పట్నుంచో ఉంది. పక్కన ఇంకో రెండు ట్యాంకులు కడితే ఇంత హంగామా ఎందుకు భాయ్?" పెట్రోల్ డిపోల చుట్టూ బతికే బస్తీలు ముందు పర్యావరణ తహ్కీకాత్ చేయండి అని అడిగిన ప్రతిసారీ ఈ సవాల్ వస్తుంది. ఆఫీసర్లు అంటే సరే, అది వాళ్ల నౌకరీ. మన మొహల్లా పెద్దమనుషులు కూడా అదే పాట పాడితే నాకు మండుతుంది.

జైపూర్ సీతాపురా యాద్ ఉందా? 2009 అక్టోబర్ 29 సాయంత్రం ఇండియన్ ఆయిల్ డిపోలో పెట్రోల్ లీకైంది. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు. పొగలా పైకి పోదు, నేల పట్టుకుని పాకుతుంది. ఎక్కడో ఒక నిప్పురవ్వ తగిలింది. మంట ఒక ట్యాంకుతో ఆగలేదు, 11 ట్యాంకులు అంటుకున్నాయి. ఆర్పే తాఖత్ లేక, ఉన్న తేల్ అంతా కాలిపోయేదాకా వదిలేశారు. పదకొండు రోజులు! కొత్త ట్యాంకు ఖతరా దానొక్కదానిదే కాదు సాహెబ్, చుట్టూ ఉన్న పాతవాటన్నిటిదీ. హిసాబ్ మొత్తానికి కట్టాలి. బస్తీ అడుగుతున్నది అంతే.

అంత దూరం ఎందుకు, మన విశాఖ లేదా? 1997 సెప్టెంబర్ 14, ఆదివారం పొద్దున్నే హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్పీజీ లీకై పేలితే సుమారు 60 మంది జాన్ పోయింది. 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్‌లో విషవాయువు వచ్చిందీ స్టోరేజీ ట్యాంకు నుంచే. తన దగ్గర చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేదని ఆ కంపెనీ అంతకు ముందు ఏడాదే హల్ఫ్‌నామాలో రాసిచ్చింది. ఆ కాగితం ఫైల్లో పడుకుంది, శవాలు ఆర్.ఆర్. వెంకటాపురంలో లేచాయి.

"మీరే వచ్చి డిపో పక్కన ఇళ్లు కట్టుకున్నారు" అనే తానా ఒకటి. ఇంటి పన్ను తీసుకున్నారు, కరెంటు మీటరు పెట్టారు, ఎలక్షన్లప్పుడు గల్లీ గల్లీ తిరిగి దండాలు పెట్టారు. అప్పుడు మనుషులం, ఖతరా లెక్కలో మాత్రం కబ్జాదారులమా? పెట్రోల్ వద్దా అంటారు. కావాలి, నేనూ బైక్ మీదే తిరుగుతాను. డిపో మూసేయమని ఎవరూ అనలేదు.

ఇక ఖానూన్. 2006 ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం ప్రమాదకర రసాయనాల నిల్వ ఒక హద్దు దాటితే, కట్టకముందే ఇజాజత్ కావాలి. విస్తరణకూ అంతే. తిరకాసు బీ1, బీ2 అనే ఖానాల్లో ఉంది. బీ2లో వేశారా, ఈఐఏ రిపోర్టూ ఉండదు, ప్రజా విచారణా ఉండదు. మనవాళ్లేమో సునవాయీ రోజున జమై గట్టిగా మాట్లాడదామని కూర్చుంటారు. ఆ సునవాయీయే లేదని తెలిసేసరికి పునాదులు లేస్తాయి. కాబట్టి లడాయి దర్ఖాస్తు పడిన రోజే మొదలు కావాలి.

సునవాయీ ఉంటే 30 రోజుల నోటీసు హక్. 2020 ముసాయిదాలో దాన్ని 20కి కోయబోయారు. ఆ ముసాయిదాను రాజ్యాంగం గుర్తించిన 22 భాషల్లోకీ తర్జుమా చేయమని ఢిల్లీ హైకోర్టు చెప్తే, హుకూమత్ ఆ తీర్పు మీద సుప్రీంకోర్టుకెక్కింది! ఆ 22లో తెలుగు ఉంది, ఉర్దూ ఉంది. మనకు అర్థమయ్యే జుబాన్‌లో చెప్పడానికి ఎందుకంత భయం?

1989 రసాయనాల రూల్స్ ప్రకారం, ప్రమాదం జరిగితే ఏం చేయాలో కంపెనీ ఇరుగుపొరుగుకు ముందే తెలియజేయాలి. ఇన్నేళ్ల సహాఫత్‌లో నేను అడిగిన ఏ ఇంట్లోనూ అలాంటి కాగితం చూశామన్నవాళ్లు లేరు. ఆపా, మీ ఇంటికి వచ్చిందా? రాకపోతే కలెక్టర్‌కు రాయండి, రసీదు తీసుకోండి. అనుమతి ఇచ్చేశారంటే గ్రీన్ ట్రిబ్యునల్‌లో అప్పీలుకు 30 రోజులు. సరైన వజా చూపిస్తే ఇంకో 60 దాకా ఇస్తారు, ఆ తర్వాత దర్వాజా బంద్.