రికార్డు ఎవరి కోసం?



"చిన్న వయసులోనే రికార్డు" అని పేపర్లో బొమ్మ పడితే మనం కత్తిరించి దాచుకుంటాం. మంచిదే. ఐతే ఆ తొందర పిల్లలదా, పెద్దలదా అని కూడా అడగాలి.

అమెరికాలో జెస్సికా డుబ్రాఫ్ అనే ఏడేళ్ల పాప విమానం నడపడం నేర్చుకుంటోంది. కాళ్లు అందవని పెడళ్లకు అతుకులు పెట్టారు, కూర్చోడానికి ఎత్తుగా మెత్త వేశారు. 1996 ఏప్రిల్ 10న తండ్రి, శిక్షకుడు తోడుగా చిన్న సెస్నా విమానంలో కాలిఫోర్నియా నుంచి బయల్దేరింది. దేశం ఈ కొస నుంచి ఆ కొసకు పోయి తిరిగి రావాలి. దారి పొడవునా టీవీ వాళ్లు. మర్నాడు పొద్దున షయెన్ అనే ఊళ్లో విమానం పైకి లేచిన కాసేపటికే కూలిపోయింది. ముగ్గురూ చనిపోయారు.

"పిల్ల చేతికిస్తే ఇంతే గదా" అని చాలామంది అనేస్తారు. విచారణలో తేలింది అది కాదు. విమానం బాధ్యత శిక్షకుడిది. ఎదురుగా ఉరుముల వాన వస్తున్నా అతను ఆగలేదు. విమానంలో హద్దుకు మించి 96 పౌన్ల బరువుంది, అంటే సుమారు 43 కిలోలు. ఆ విమానాశ్రయం ఎత్తు 6 వేల అడుగులకు పైనే. మన ఏజెన్సీ కొండలన్నిటి కంటే ఎత్తు. అంత ఎత్తులో గాలి పలచన. ఇంజనుకు బలం తగ్గుతుంది, రెక్కలకు పట్టు తగ్గుతుంది. దానికి తోడు వేగం కూడా పడిపోయేసరికి రెక్కలు విమానాన్ని మోయలేకపోయాయి.

మరి ఎందుకు ఆగలేదు? అనుకున్న రోజుకు అనుకున్న చోట ఉండాలి, టీవీ వాళ్లకు మాట ఇచ్చారు. ఆ తొందర కూడా ఒక కారణమని విచారణ చేసినవాళ్లే రాశారు.

మన పెద్దలు వాగు పొంగితే సంత పోయినా సరే ఒడ్డునే ఆగుతారు. వాళ్లను పిరికివాళ్లని ఎవరూ అనరు. ఆ తెలివి విమానానికీ కావాలి.

అలాగని పిల్లలు ఆకాశం వైపు చూడొద్దని నేననను. మన దేశంలో 16 ఏళ్లు నిండితే విద్యార్థి పైలట్ లైసెన్సు తీసుకోవచ్చు. మనలోనూ పైలట్లు రావాలి. కానీ దేనికైనా వయసుంది, వరసుంది. అమెరికా వాళ్లు కూడా 1996లోనే లైసెన్సు లేనివాళ్లు రికార్డుల కోసం విమానం నడపరాదని చట్టం చేశారు. ఒక పాప పోయాక చేశారు.

జ్వరంతో ఉన్నవాణ్ణి కప్పు కోసం పరుగు పందెంలో దింపడం కూడా ఇలాంటిదే. పిల్లవాడు "నేను ఉరుకుతా" అనే అంటాడు. పిల్లలకు భయం తెలీదు. "ఇవాళొద్దు, రేపు చూద్దాం" అని చెప్పాల్సింది పెద్దలే. ఆ మాట చెప్పలేనివాళ్లు మన చేత రికార్డులు చేయించొద్దు.